ఒక సెగగడ్డ వెంట నడిచి స్టాఫిలోకాకస్‌ను చదువుకోవడం ఎలా

మైక్రోబయాలజీ చదివే పిల్లల నోటు పుస్తకాల్లో తప్పకుండా కనిపించే పేజీ ఒకటి ఉంటుంది. పైన ‘స్టాఫిలోకాకస్ ఆరియస్ - వ్యాధికారక శక్తి’ అని ఎర్ర సిరాతో శీర్షిక, కింద కోయాగ్యులేజ్, స్టాఫిలోకైనేజ్, హయలురోనిడేజ్, ప్రోటీన్ ఎ, ల్యూకోసిడిన్, ఎంటెరోటాక్సిన్ అంటూ పాతిక పేర్లు, ఒక్కొక్క పేరు ఎదుట అర వాక్యం వివరణ. వారం తిరిగేసరికి ఆ పేర్లు ఒకదాని చోట ఒకటి దూరి కూర్చుంటాయి. రక్తాన్ని గడ్డ కట్టించేది ఏదో, గడ్డను కరిగించేది ఏదో వైవాలో తారుమారవుతుంది. ఇందులో విద్యార్థి తప్పు కంటే, జాబితాగా చదవడంలో ఉన్న తప్పే ఎక్కువ. ధనుర్వాతపు బాక్టీరియాకు ఉన్నట్టు, జబ్బునంతటినీ తానొక్కటే తెచ్చిపెట్టే ఒకే ఒక విషం స్టాఫిలోకాకస్ అనే ఈ బాక్టీరియా దగ్గర లేదు. దాని దగ్గర ఉన్నవి చిన్న చిన్న పనిముట్లు. ఒక్కొక్కటి ఒక్కొక్క అవసరానికి, ఒక్కొక్క సమయంలో బయటికి వస్తుంది. కాబట్టి వాటిని అక్షర క్రమంలోనో, పుస్తకం ఇచ్చిన క్రమంలోనో కాక, ఆ జీవి వాడుకునే క్రమంలో చదవాలి. అందుకు ఆ జీవి తెచ్చే మామూలు సెగగడ్డను మించిన పాఠం నాకు కనిపించలేదు.

తిరుపతిలో వైద్య కళాశాల, వెటర్నరీ విశ్వవిద్యాలయం, మరో రెండు విశ్వవిద్యాలయాల సైన్సు విభాగాలు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి కనుక, ఈ ఒక్క సూక్ష్మజీవిని నాలుగైదు రకాల విద్యార్థులు నాలుగైదు కోణాల్లో చదువుతుంటారు. ఈ పద్ధతి అందరికీ పనికివస్తుంది. ఒక తెల్ల కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. కాగితం మీద చర్మాన్ని అడ్డంగా కోసి చూపినట్టు బొమ్మ గీయండి: పై పొర, దాని కింద మందపు పొర, అందులోకి దిగిన వెంట్రుక కుదురు, అడుగున సన్నటి రక్తనాళం. మనం చెప్పుకోబోయే ప్రతి పేరునూ ఈ బొమ్మలో అది పనిచేసే చోటనే రాయాలి. పక్కన వేరే పట్టిక వేయకూడదు.

ఇప్పుడు ఉదాహరణ. మే నెలలో తిరుమలలో తలనీలాలు సమర్పించి కొండ దిగిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడిని ఊహించుకోండి. మెడ వెనుక, జుట్టు మొదలయ్యే చోట, కంటికి సరిగా ఆనని చిన్న గాటు పడింది. మీద చెమట, చొక్కా కాలరు ఒరిపిడి, దురద పెట్టినప్పుడల్లా గోళ్లు. మూడో రోజుకు ఎర్రటి పొక్కు లేచింది. ఐదో రోజుకు మెడ తిప్పలేనంత సలుపు. వారానికల్లా, నడుమ పసుపుపచ్చని మొన తేలిన సెగగడ్డ. ఇంట్లో వాళ్లు ‘వేడి చేసింది’ అన్నారు. ఈ వారం రోజుల్లో చర్మం కింద జరిగిందంతా మన పాఠం.

మొదట రాయవలసినది ఆ బాక్టీరియా ఎక్కడినుంచి వచ్చిందన్నది. చాలాసార్లు అది బయటినుంచి రాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో సుమారు నూటికి 20 నుంచి 30 మంది ముక్కు ముందు భాగంలో స్టాఫిలోకాకస్ ఆరియస్ ఏ ఇబ్బందీ పెట్టకుండా స్థిరంగా కాపురముంటుంది. మరికొందరిలో వచ్చి పోతూ ఉంటుంది. ముక్కు తాకిన వేలే మెడను గీరుతుంది. కాబట్టి బొమ్మలో చర్మానికి కాస్త ఎడంగా ఒక ముక్కు కూడా గీసి, అక్కడినుంచి గాటు దాకా బాణం గుర్తు వేయండి. ‘ఉండటం వేరు, జబ్బు చేయడం వేరు’ అన్న తేడా ఆ ఒక్క బాణంతో మనసులో పడుతుంది. స్వాబ్ రిపోర్టులో ఈ పేరు కనిపించగానే మందు రాసేసే అలవాటు ఉన్నవాళ్లు కూడా ఈ బాణాన్ని ఒకసారి చూసుకుంటే మంచిది.

పేరు సంగతి ఇక్కడే చూసి వదిలేద్దాం. 1880లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌కు చెందిన శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్, చీముగడ్డల నుంచి తీసిన చీములో గుండ్రటి సూక్ష్మజీవుల గుంపులను చూశాడు. 1882లో వాటికి స్టాఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘స్టాఫిలె’ అంటే ద్రాక్షగుత్తి, ‘కాకస్’ అంటే గింజ. 1884లో రోసెన్‌బాక్ అనే జర్మన్ వైద్యుడు బంగారు రంగులో పెరిగేదాన్ని ఆరియస్ అని, తెల్లగా పెరిగేదాన్ని ఆల్బస్ అని వేరుచేశాడు. గాజు పలక మీద పలుచగా పూసిన చీముకు (స్మియర్‌కు) గ్రామ్ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే, ఇంచుమించు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసం ఉన్న ఊదారంగు గుండ్లు గుత్తులుగాను, జంటలుగాను, ఒంటరిగాను కనిపిస్తాయి. చక్కని గుత్తులు ల్యాబ్‌లో పెంచిన కల్చర్‌లో ఎక్కువ; చీములో తక్కువ. బొమ్మలోని ద్రాక్షగుత్తే కనబడాలని ఆశించి, జంటగా ఉన్నవాటిని చూసి వేరే జీవి అని రాసిన రికార్డులు నేను చాలా దిద్దాను.

ఇక మొదటి పని, అంటుకోవడం. చెమటకు, స్నానానికి కొట్టుకుపోయే జీవి ఏ జబ్బూ చేయలేదు. స్టాఫిలోకాకస్ గోడ మీద రకరకాల అంటు ప్రోటీన్లు ఉంటాయి: ఒకటి ఫైబ్రోనెక్టిన్‌ను, ఒకటి కొల్లాజెన్‌ను, క్లంపింగ్ ఫ్యాక్టర్ అనేది రక్తం గడ్డకట్టడానికి పనికివచ్చే ఫైబ్రినోజెన్‌ను పట్టుకుంటుంది. గాటు పడని చర్మంలో మన శరీరపు ఈ ప్రోటీన్లు చాలావరకు పొర కింద దాగి ఉంటాయి. గాటు పడగానే బయటపడతాయి, పైగా ఊరిన ప్లాస్మాతో (రక్తంలోని ద్రవభాగంతో) ఫైబ్రినోజెన్ అక్కడికి వచ్చి చేరుతుంది. అంటే గాయం ఈ జీవికి వాకిలి తెరవడమే కాక లోపల పీట కూడా వేస్తుంది. ఎంత తేడా వస్తుందో చెప్పడానికి 1957లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు స్వచ్ఛంద సేవకుల చర్మం మీద చేసిన ప్రయోగాన్ని మించినది లేదు. ఊరకే చర్మంలోకి ఎక్కిస్తే చీము పట్టడానికి లక్షల కొద్దీ బాక్టీరియా కావలసివచ్చింది. అదే చర్మంలో పట్టుదారపు కుట్టు ఒకటి ఉంచితే కొన్ని వందలు సరిపోయాయి. బాక్టీరియా అదే, మనిషి అదే. మధ్యలో దారం ముక్క ఒక్కటే కొత్తగా వచ్చింది. వ్యాధికారక శక్తి అనేది జీవిలో మాత్రమే కొలిచేది కాదని, అది దిగిన చోటును కూడా కలిపి కొలవాలని చెప్పడానికి నేను తరగతిలో మొదట ఈ ప్రయోగమే చెబుతాను. బొమ్మలో అంటు ప్రోటీన్లను గాటు అంచున రాయండి.

ఉప్పును తట్టుకునే గుణం కూడా ఈ దశకే చెందుతుంది. మన ఎండలకు చెమట ఆరి చర్మం మీద ఉప్పు చారలు కట్టే చోట చాలా బాక్టీరియా నిలవలేవు, ఇది నిలుస్తుంది. బాక్టీరియాను పెంచే మానిటాల్ సాల్ట్ అగార్ అనే మాధ్యమంలో 7.5 శాతం ఉప్పు వేసేది ఈ గుణాన్ని ఆధారం చేసుకునే. ఆ ప్లేటు మీద పెరిగి, అందులోని మానిటాల్ అనే చక్కెర పదార్థాన్ని పులియబెట్టి, చుట్టూ ఎర్రగా ఉన్న మాధ్యమాన్ని పసుపుగా మార్చిందంటే ఆరియస్ అని అనుమానించాలి. అనుమానించడంతో ఆగాలి, నిర్ధారణకు అది చాలదు.

రెండో పని, చుట్టూ గోడ కట్టుకోవడం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడదాం. పాఠంలోనూ ల్యాబ్ బల్ల మీదా కూడా తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. బాక్టీరియా వదిలే కోయాగ్యులేజ్ అనే ప్రోటీన్ మన రక్తంలో ఉన్న ప్రోత్రాంబిన్‌కు అతుక్కుంటుంది. మామూలుగా ప్రోత్రాంబిన్‌ను తెగ్గొడితేనే అది రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్‌గా పనిచేస్తుంది; కోయాగ్యులేజ్ దాన్ని తెగ్గొట్టకుండానే పనిలోకి దింపుతుంది. ఆ జంట ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్‌గా మార్చుతుంది, ఫైబ్రిన్ దారాలు బాక్టీరియా గుంపు చుట్టూ వలలా అల్లుకుంటాయి. పాలు తోడుకోవడంతో దీన్ని పోల్చడం మనకు అలవాటు. చూపుకు ఆ పోలిక సరిపోతుంది కానీ లోపలి పని వేరు: పాలను తోడుపెట్టేది ఆమ్లం, ఇక్కడ ఆమ్లంతో పని లేదు. మన రక్తం గాయాన్ని మూయడానికి దాచుకున్న సరుకుతోనే బాక్టీరియా తన గోడ కట్టుకుంటుందని చెప్పడం మేలు. సెగగడ్డ గట్టిగా, ఒకచోట కుదురుగా, చుట్టూ గిరి గీసినట్టు ఉండటానికి ఈ గోడ ఒక ముఖ్య కారణం. గుంపు నడుమకు తెల్ల కణాలు చొరబడటం కష్టమవుతుంది.

ఆరియస్‌ను నిర్ధారించుకోవడానికి ట్యూబు కోయాగ్యులేజ్ పరీక్ష చేసేటప్పుడు కుందేలు ప్లాస్మాను సెలైన్‌తో పలుచన చేసి, ఒక చిన్న ట్యూబులో పోసి, కల్చర్ కొద్దిగా కలిపి 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టాలి. పక్కనే గడ్డకట్టుతుందని ముందే తెలిసిన జాతి ఒకటి, కట్టదని తెలిసినది ఒకటి, ఏమీ కలపని ప్లాస్మా ఒకటి కూడా ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్‌కు బదులు ఇడిటిఎ కలిపి తీసిన ప్లాస్మా అయితే మంచిది. సిట్రేట్‌ను తినేసే వేరే బాక్టీరియా ఉంటే అందులో కాల్షియం విడుదలై, కోయాగ్యులేజ్ లేకుండానే గడ్డ కట్టి మనల్ని మోసం చేస్తుంది. నాలుగు గంటల దాకా గంటకొకసారి ట్యూబును మెల్లగా వంచి చూడాలి. కదపకూడదు, కుదపకూడదు. ప్లాస్మా నీళ్లలా జారితే గడ్డ లేదు. ట్యూబును దాదాపు పడుకోబెట్టినా అడుగున జున్నులా వణికి నిలిచిపోతే గడ్డ ఉంది. కొన్నిట్లో అంత గట్టి గడ్డ రాదు. ద్రవం నడుమ మెత్తటి దూదిపింజ లాంటి చిన్న ముద్ద తేలుతుంది. అదీ లెక్కలోకే వస్తుంది.

ఇక్కడ నా సొంత భంగపాటు ఒకటి చెప్పాలి. చదువుకునే రోజుల్లో ఒక ప్రాక్టికల్ పరీక్షలో సాయంత్రం ట్యూబు పెట్టించి, ల్యాబ్ మూసేసి, పొద్దున్నే చూసి రాయమన్నారు. నా ట్యూబు నీళ్లలా జారింది, నెగటివ్ అని రాశాను, మార్కులు పోయాయి. రాత్రి గడ్డ కట్టి, తెల్లవారేలోగా అదే మళ్లీ కరిగిపోయిందని తరవాత తెలిసింది. కరిగించినది అదే బాక్టీరియా తయారుచేసిన స్టాఫిలోకైనేజ్. ఈ ఎంజైమ్ మన రక్తంలోని ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మార్చి ఫైబ్రిన్‌ను కరిగిస్తుంది. కనుక నాలుగు గంటలలోపు కనీసం రెండు మూడుసార్లు చూడనిదే పరీక్ష చేసినట్టు కాదు. అప్పటికీ గడ్డ రాకపోతే మరునాటి దాకా ఉంచి చూడాలి. పోయిన మార్కులు ఎలాగూ తిరిగి రాలేదు, కానీ కట్టేది ఏది, కరిగించేది ఏది అన్నది ఆనాటి నుంచి నేను తడుముకోలేదు. మొదట గోడ, గుంపు పెరిగాక బయటపడేందుకు గోడకు కన్నం: ఆ క్రమంలో గుర్తుపెట్టుకుంటే రెండు పేర్లూ తారుమారు కావు. కణాల మధ్య జిగురులా ఉండే హయలురోనిక్ ఆమ్లాన్ని కోసే హయలురోనిడేజ్, చర్మపు జిడ్డును విడగొట్టే లైపేజ్ కూడా ఈ దారి చేసే వర్గానికే చెందుతాయి. వాటిని గోడకు వెలుపలి వైపు రాయండి.

గాజు పలక మీద చేసే స్లైడు పరీక్షను దీనితో కలపవద్దు. అది చూపేది విడుదలైన కోయాగ్యులేజ్‌ను కాదు, బాక్టీరియా గోడకు అంటిపెట్టుకున్న క్లంపింగ్ ఫ్యాక్టర్‌ను. ముందుగా సెలైన్ చుక్కలో కల్చర్ కలిపి, తనంతట తాను గుంపుకట్టడం లేదని చూసుకున్న తరవాతే ప్లాస్మా వేయాలి. నెగటివ్ వస్తే ట్యూబు పరీక్ష తప్పదు. ఇన్‌క్యుబేటర్ విషయంలో కూడా మన ఊరి జాగ్రత్త ఒకటుంది. మామూలు ఇన్‌క్యుబేటర్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. మే నెలలో ఏసీ లేని గది 41 డిగ్రీలకు చేరితే, మీట 37 మీద ఉన్నా లోపల ఉండేది గది వేడే. థర్మామీటరు చూడకుండా మీటను నమ్మవద్దు.

మూడో పని, తెల్ల కణాల నుంచి తప్పించుకోవడం. గాటు దగ్గరికి న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలు గంటల్లోనే చేరుకుంటాయి. అవి బాక్టీరియాను మింగాలంటే ముందుగా దానికి యాంటీబాడీలు అతుక్కోవాలి, లేదా రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్ల పూత పడాలి. యాంటీబాడీని బావిలో పడ్డ బిందెను తీసే పాతాళగరిగెగా భావించండి: కొక్కేల వైపు బిందెను పట్టాలి, తాడు వైపు మనిషి చేతిలో ఉండాలి. స్టాఫిలోకాకస్ గోడ మీది ప్రోటీన్ ఎ ఆ తాడు చివరనే పట్టేసుకుంటుంది. కొక్కేలు పైకి తేలి ఉంటాయి. లాగడానికి చేతికి తాడు దొరకదు. యాంటీబాడీ అంటుకునే ఉంది, పనికి మాత్రం రాదు. వాటికి తోడు చాలా జాతుల మీద చక్కెర పదార్థంతో అయిన సన్నని కవచం ఉండి, పూత పడినా న్యూట్రోఫిల్‌కు అందకుండా చేస్తుంది.

అయినా కొన్ని మింగబడతాయి. అప్పుడు న్యూట్రోఫిల్ తన కడుపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి తీవ్రమైన ఆక్సీకారక రసాయనాలను వాటి మీద కుమ్మరిస్తుంది. పెరాక్సైడ్‌ను విడగొట్టడానికి బాక్టీరియా దగ్గర కెటలేజ్ ఉంది. గాజు పలక మీద పెరాక్సైడ్ చుక్కలో కాలనీని (ప్లేటు మీద పెరిగిన బాక్టీరియా ముద్దను) కలపగానే బుసబుస పొంగే బుడగలు దాని పనే. ఆ కాలనీని బ్లడ్ అగార్ మీదినుంచి గీకి తెస్తే ఎర్ర కణాల్లో ఉన్న కెటలేజ్ కూడా బుడగలు తెప్పిస్తుంది కనుక న్యూట్రియెంట్ అగార్ మీది కాలనీనే తీసుకోవాలి. ఇంకొక రక్షణ మన కంటికి కనిపించేదే, ఆ బంగారు రంగు. స్టాఫిలోజాంథిన్ అనే ఈ కెరోటినాయిడ్ రంగు ఆక్సీకారకాలను పీల్చేసుకుంటుందని, రంగు తయారుచేయలేని జాతులు తెల్ల కణాల చేతిలో సులువుగా చనిపోతాయని 2005లో వెలువడిన పరిశోధన చూపింది. రోసెన్‌బాక్ గుర్తుపట్టడానికి పెట్టుకున్న రంగు నూట ఇరవై ఏళ్ల తరవాత ఆయుధంగా తేలింది! పాల అగార్ మీద పెంచి, 37 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచిన తరవాత చల్లని గదిలో మరో రోజు వదిలితే ఆ రంగు బాగా తేలుతుంది. అన్ని జాతులూ అంత రంగు చూపవు. తెల్లగా ఉన్నంత మాత్రాన ఆరియస్ కాదనకూడదు.

న్యూట్రోఫిల్ చనిపోతూ తన డిఎన్ఎనే వలగా విసిరి బాక్టీరియాను బంధిస్తుంది. ఆ వలను కోయడానికి స్టాఫిలోకాకస్ దగ్గర న్యూక్లియేజ్ అనే కత్తెర ఉంది. డిఎన్ఎ కలిపిన ప్లేటు మీద కాలనీ పెంచి, మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసినప్పుడు చుట్టూ తెల్లబడి, కాలనీ దగ్గర మాత్రం గాజులా తేటపడే వలయం ఆ కత్తెర గుర్తే.

నాలుగో పని, తప్పించుకోవడం చాలక, ఎదురు తిరిగి చంపడం. ఆల్ఫా టాక్సిన్ అనే విషం ముక్కలు ఏడేసి కలిసి కణపు పొర మీద ఉంగరంలా కూర్చుని నడుమ కన్నం పెడతాయి. లోపలి లవణాలు కారి, బయటి నీళ్లు చేరి, కణం కూలిపోతుంది. ల్యూకోసిడిన్లు తెల్ల కణాల మీదికే గురిపెట్టినవి. వాటిలో పాంటన్-వాలెంటైన్ ల్యూకోసిడిన్ రెండు ముక్కలుగా విడివిడిగా వెలువడి కణం మీద జతకూడి పనిచేస్తుంది, లోతైన చర్మపు గడ్డలు తెచ్చే జాతుల్లో తరచుగా కనిపిస్తుంది. సెగగడ్డలోని చీము అంటే ప్రధానంగా చచ్చిన న్యూట్రోఫిల్ కణాలు, కరిగిన కణజాలం, బతికీ చచ్చీ ఉన్న బాక్టీరియా. ‘చెడు రక్తం’ అన్న పాత మాటకు ఇందులో చోటు లేదు.

ఈ నాలుగు పనులూ ఒకేసారి ఎందుకు జరగవన్న ప్రశ్నకు జవాబు తెలిస్తేనే మన క్రమం నిలబడుతుంది. బాక్టీరియా ఒక చిన్న పెప్టైడ్ ముక్కను ఎప్పుడూ బయటికి వదులుతూ ఉంటుంది. గుంపు చిన్నగా ఉన్నంతకాలం ఆ ముక్కలు చెదిరిపోతాయి. గుంపు పెరిగి, పైగా ఫైబ్రిన్ గోడ మధ్య ఇరుక్కున్నప్పుడు అవి దట్టంగా పేరుకుంటాయి. ఎజిఆర్ అని పిలిచే జన్యు ఏర్పాటు ఆ దట్టాన్ని పసిగట్టి అంటు ప్రోటీన్ల తయారీ తగ్గించి, టాక్సిన్ల తయారీ పెంచుతుంది. మన కుర్రవాడి మెడ మీద మూడో రోజు దాకా పెద్దగా నొప్పి లేక, ఐదో రోజుకు ఒక్కసారిగా సలుపు ముదరడం ఈ లెక్కకు సరిపోయేదే. కాగితం మీద అంటు ప్రోటీన్ల దగ్గర 1 అని, టాక్సిన్ల దగ్గర 2 అని వేసి, నడుమ బాణం గీసి ఎజిఆర్ అని రాయండి.

ఇది తెలిసిన తరవాత గడ్డను పిండకూడదన్న మాటకు కారణం విడిగా చెప్పనక్కరలేదు. గోడ లోపల ఉన్నదాన్ని బలవంతంగా నొక్కితే కొంత బయటికి వచ్చినా కొంత లోపలి రక్తనాళాల వైపు వెళుతుంది. ముక్కు చుట్టూ, పై పెదవి మీద లేచిన గడ్డల విషయంలో ఇది మరీ ప్రమాదం. అక్కడి సిరలకు మెదడు అడుగున ఉన్న రక్తపు మడుగుతో సంబంధముంది. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో కాపడం పెట్టి, అదే పగిలేదాకా ఆగడం, జ్వరమో వ్యాపించే ఎరుపో కనిపిస్తే, మధుమేహం ఉంటే, డాక్టరుకు చూపడం సరైన దారి. ముదిరిన గడ్డకు డాక్టరు చేసే చిన్న కోత చాలాసార్లు మాత్రల కంటే ఎక్కువ మేలు చేస్తుంది. రక్తంలోకి దిగిన బాక్టీరియా హిమోగ్లోబిన్ నుంచి ఇనుము లాక్కునే ప్రోటీన్లతో బతికి, గుండె కవాటాల మీదా ఎముకల్లోనూ కొత్త కాపురం పెట్టగలదు. అక్కడా మొదటి అడుగు అంటుకోవడమే.

దూరాన ఉండి పనిచేసే టాక్సిన్లు మన సెగగడ్డ కథలో ఇమడవు. వాటికి కాగితం వెనుక వైపు వాడండి. పెళ్లిలో పాలకోవా చేసే వంటమనిషి వేలి మీద గోరుచుట్టు ఉందనుకోండి. కోవా చల్లారాక చేత్తో ఉండలు చుట్టాడు, వేసవి ఉక్కలో ఐదారు గంటలు గంపలో ఉంది. ఉప్పును తట్టుకున్నట్టే ఈ జీవి గాఢమైన చక్కెరను కూడా చాలావరకు తట్టుకుంటుంది. పెరుగుతూ ఎంటెరోటాక్సిన్‌ను తిండిలోనే విడుదల చేస్తుంది. తిన్నవాళ్లకు కొద్ది గంటల్లోనే, ఒక్కోసారి అరగంటలోనే, వాంతులు పట్టుకుంటాయి. కడుపులో బాక్టీరియా పెరగాల్సిన పని లేదు, తయారైన విషమే లోపలికి వెళ్లింది కనుక అంత త్వరగా. మళ్లీ వేడి చేస్తే బాక్టీరియా చస్తుంది, టాక్సిన్ పోదు. నీళ్లు మరిగే వేడిని అరగంట సేపు కూడా తట్టుకోగలదు. చేతికి పుండున్నవారిని ఆ రోజు వంటకు దూరంగా ఉంచడం, వండినదాన్ని వెంటనే వడ్డించడమో చల్లగా దాచడమో చేయడం తప్ప వేరే ఉపాయం లేదు.

ఎంటెరోటాక్సిన్లూ, 1978లో వైద్యులు పేరు పెట్టిన టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే జబ్బుకు ముఖ్య కారణమైన టిఎస్ఎస్‌టి-1 అనే టాక్సినూ సూపర్ యాంటిజెన్ల వర్గానికి చెందుతాయి. యాంటిజెన్ అంటే మన రక్షణ కణాలను కదిపే పదార్థం. మామూలు యాంటిజెన్ ఆ రక్షణ కణాల్లో ఒక రకమైన టి కణాలు పదివేలుంటే ఒకదాన్ని కూడా కదపలేదు. సూపర్ యాంటిజెన్ టి కణాల్లో ఐదో వంతు దాకా ఒక్కసారిగా లేపగలదు. రోగిని కూల్చేది అప్పుడు తన శరీరమే వదిలిన రసాయనాల పొంగు. పసిపిల్లల చర్మం కాలినట్టు ఊడే జబ్బుకు కారణమైన ఎక్స్‌ఫోలియేటివ్ టాక్సిన్ పని ఇంకా సూటిగా ఉంటుంది: చర్మకణాలను ఒకదానితో ఒకటి కుట్టి ఉంచే డెస్మోగ్లీన్-1ను అది కోసేస్తుంది.

జవాబు పత్రాల్లో నాకు అన్నిటికంటే విసుగు తెప్పించే పొరపాటు, మందులకు లొంగకపోవడాన్ని వ్యాధికారక శక్తుల జాబితాలో కలిపేయడం. పెన్సిలిన్ వర్గానికే చెందిన మెథిసిలిన్ అనే మందు 1959లో వాడుకలోకి వచ్చింది, 1961లోనే దానికి లొంగని జాతులు ఇంగ్లండ్‌లో బయటపడ్డాయి. మెక్-ఎ జన్యువు ఉన్న జాతి, పెన్సిలిన్ వర్గపు మందులు అతుక్కోలేని వేరే ప్రోటీన్‌తో తన గోడ కట్టుకుంటుంది. అది బాక్టీరియాను మందు నుంచి కాపాడుతుంది. చర్మాన్ని కోయదు, కణానికి కన్నం పెట్టదు. లొంగని జాతి అంతా భయంకరమైనదే అనీ, లొంగే జాతి అంతా సాధువనీ అనుకోవడం తప్పు. పెన్సిలిన్‌కు లొంగే స్టాఫిలోకాకస్ కూడా మనుషులను చంపింది. ల్యాబ్‌లో బాక్టీరియా పూసిన ప్లేటు మీద 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ అనే మందు ఉన్న బిళ్ల పెట్టి, చుట్టూ తేటపడ్డ వలయం 21 మిల్లీమీటర్లు లేదా తక్కువైతే ఎంఆర్ఎస్ఎగా, అంటే మెథిసిలిన్‌కు లొంగని ఆరియస్‌గా, 22 లేదా ఎక్కువైతే లొంగేదిగా రాస్తాం. ఆ స్కేలు కొలతను టాక్సిన్ల బొమ్మలో ఎక్కడా రాయవద్దు.

దాయాదుల గురించి రెండు మాటలు. కోయాగ్యులేజ్ లేని స్టాఫిలోకాకస్ ఎపిడర్మిడిస్ మనందరి చర్మం మీదా ఉంటుంది. దాని దగ్గర టాక్సిన్ల సంపద తక్కువ, కానీ క్యాథెటర్లు, కృత్రిమ కవాటాల మీద జిగురు పొర, అంటే బయోఫిల్మ్, కట్టడంలో ఆరితేరినది. మూత్రనాళపు ఇన్ఫెక్షన్లు తెచ్చే సాప్రోఫిటికస్‌ను నోవోబయోసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగకపోవడం బట్టి వేరుచేస్తారు.

పశువైద్యం చదివేవారు ఇదే బొమ్మలో మెడకు బదులు పొదుగు గీసుకోవచ్చు. చిత్తూరు వైపు ఇంటింటికీ పాడి ఉన్న పల్లెల్లో పొదుగువాపు తెలియని రైతు ఉండడు. దానికి కారణమయ్యే జీవుల్లో స్టాఫిలోకాకస్ ఆరియస్ ముఖ్యమైనది. వాకిలి చనుమొన కన్నం. అంటుకునేది పాలనాళాల లోపలి పొరకు. గోడ కట్టేది లోపలి కణజాలంలో. పొదుగు కణాల లోపలికి కూడా దూరి దాక్కోవడం వల్ల, ట్యూబు మందు ఎక్కించినప్పుడు తగ్గినట్టే ఉండి మళ్లీ తిరగబెడుతుంది. వాపు పైకి కనిపించని దశలో పట్టుకోవడానికి పల్లెలో చేయగల పరీక్ష ఒకటుంది: బట్టల సబ్బు పొడితో 3 శాతం ద్రావణం కలిపి, ఒక్కో చన్ను పాలను వేరు వేరు చిప్పల్లో తీసుకుని, సమానంగా ద్రావణం పోసి మెల్లగా తిప్పాలి. మంచి పాలు పలుచగానే తిరుగుతాయి. జబ్బు పట్టిన చన్ను పాలు గంజిలా చిక్కబడి చిప్పకు సాగుతాయి. సబ్బుకు పగిలిన తెల్ల కణాల డిఎన్ఎ చేసే పని అది. అలా తేలిన పశువును అన్నిటికంటే చివర పితకాలి, ఆ చేతులు కడగకుండా మరో పొదుగు ముట్టకూడదు, ఆ పాలను కొట్టంలో నేల మీద పిండకూడదు. ల్యాబ్‌కు పంపే నమూనాను చనుమొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి రెండు మూడు ధారలు వదిలేసి, మందు మొదలుపెట్టకముందే పట్టాలి.